అకాల సర్దుబాటు

గట్టులంక మత్స్యశాస్త్ర విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థుల సంఖ్య ఒకటి. ఆ ఒకటి పేరు చిసోమో బండా. ఆఫ్రికాలోని మలావీ దేశంలో, సముద్రమంత సరస్సు ఒడ్డున ఉన్న ఊరు ఆమెది. శీలావతి చేపల పెంపకం మీద పరిశోధన చెయ్యడానికి వచ్చి పద్నాలుగు నెలలైంది.

వచ్చిన రెండో రోజే ఎండు చేపల వాసన పట్టుకుని కాలవగట్టు దాకా నడిచిపోయింది. అక్కడ నూకరత్నం అనే ఆవిడ పెరట్లో వలల మీద మెత్తళ్ళు ఎండబోస్తోంది. చిసోమో వాళ్ళ ఊళ్ళో వాళ్ళ మామ్మ కూడా అచ్చం అలాగే, వలల మీద చిన్న చేపలు ఎండబోసి, కాకుల్ని తిడుతూ కూర్చుంటుంది. చిసోమో మాట్లాడకుండా ఒక కర్ర తీసుకుని కాకుల్ని తోలడం మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి నూకరత్నం అన్నం పెట్టింది. నెల తిరక్కుండా హాస్టలు వదిలేసి ఆవిడ ఇంట్లోనే ఒక గదిలో చేరింది. చిసోమో అన్న పేరు నూకరత్నం నోట్లో పడి సోమమ్మ అయింది. ఆరు నెలలకి సోమమ్మ గోదారి తెలుగు మాట్లాడుతూ, చేపల సంతలో బేరాలాడుతూ, వాన రాకముందే వలలు ఎత్తేస్తూ హాయిగా ఉంది.

ఇలా ఉండగా వైస్ ఛాన్సలర్ గారు ఒక మహానగరంలో మూడు రోజుల సదస్సుకి వెళ్ళారు. అక్కడ భోజనాల తరవాత ఎవరో ఒక పండితుడు, పరాయి దేశంలో చదువుకునే విద్యార్థులకి కలిగే సాంస్కృతిక దిగ్భ్రాంతి గురించి ప్రసంగించాడు. అందులో సగం వీసీ గారి కునుకులో పోయింది. మిగిలిన సగంలో రెండు ముక్కలు వినబడ్డాయి. ఒకటి, ఈ దిగ్భ్రాంతికి నాలుగు దశలుంటాయి. రెండు, ఇకనుంచి విశ్వవిద్యాలయాలకి ర్యాంకులిచ్చే వాళ్ళు దీనికి కూడా మార్కులిస్తారు.

తిరిగొచ్చిన మర్నాడే సమావేశం పెట్టారు.

"మన విశ్వవిద్యాలయంలో దిగ్భ్రాంతి పరిస్థితి ఏమిటి?"

"ఏమీ లేదండి" అన్నారు రిజిస్ట్రారు గారు, సగర్వంగా.

"ఏమీ లేకపోవడమేమిటి? మిగతా చోట్ల నలభై శాతం దాకా ఉందట! మనం ఇంత వెనకబడి ఉన్నామా?"

ఆ వారంలోనే విదేశీ విద్యార్థి సాంస్కృతిక సర్దుబాటు కేంద్రం వెలిసింది. పాత మేత గోడౌనుకి రంగులేసి, ఏసీ పెట్టి, పంతొమ్మిది ఉద్యోగాలు మంజూరు చేశారు. సంచాలకులుగా ఆచార్య పరాంకుశం గారిని నియమించారు. ఆయన ముప్పై ఏళ్ళుగా బోధించింది చేపల మేత. మనుషుల విషయంలో ఇదే మొదటి నియామకం. సీనియర్ అసిస్టెంటుగా భద్రం గారిని పరీక్షల విభాగం నుంచి బదిలీ చేశారు. భద్రం గారు ఊళ్ళో వారే. ఏ కాగితం ఏ బీరువాలో ఉందో ఆయనొక్కరికే తెలుసు.

మొదటి పిలుపు సహజంగానే చిసోమోకి వెళ్ళింది.

ఆమె లోపలికి రాగానే పరాంకుశం గారు లేచి నిలబడి, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు గట్టిగా, ఒక్కొక్క మాటా విడివిడిగా ఇంగ్లీషులో, భయపడవద్దనీ, ఈ దేశం కూడా మనుషులుండే చోటేననీ చెప్పారు.

"ఆయ్, పర్లేదండి. మీరు కూకోండి ముందు" అంది చిసోమో.

పరాంకుశం గారు కూర్చోలేదు. భద్రం గారి వైపు తిరిగారు. "ఈమె తెలుగు మాట్లాడుతోందే!"

"మాట్లాడతారండి. మొన్న సంతలో మా ఇంటావిడకి మెత్తళ్ళు బేరమాడిపెట్టింది కూడా ఈవిడేనండి."

"ఎవరి అనుమతితో?"

భద్రం గారు కలానికి మూత పెట్టారు. ముప్పై ఏళ్ళ సర్వీసులో జవాబు లేని ప్రశ్నల్ని ఆయన గుర్తుపట్టగలరు.

పరాంకుశం గారు గోడమీది చార్టు చూపించారు. నాలుగు మెట్లు. ఆశ్చర్య దశ, ఆందోళన దశ, కోలుకొను దశ, సర్దుబాటు దశ. విదేశీ విద్యార్థి ప్రతి ఒక్కరూ ఈ నాలుగు దశల్నీ క్రమంగా దాటి, ధ్రువపత్రం పొందవలెను. అది లేనిదే వీసా పొడిగింపుకి విశ్వవిద్యాలయం ఉత్తరం ఇవ్వదు.

"నేను ఎప్పుడో సద్దుకుపోయానండి" అంది చిసోమో.

"అదే సమస్య. మొదటి మూడు దశలూ మీరు దాటినట్టు ఎక్కడా రికార్డు లేదు. నేరుగా నాలుగో దశలో ప్రవేశించుటకు నిబంధనలు అనుమతించవు. ప్రస్తుతం మీరున్న స్థితి చట్టవిరుద్ధమని నేననను. కానీ అక్రమం."

చిసోమోకి మొదట నవ్వొచ్చింది. వీసా ఇంకా నాలుగు నెలలే ఉందని గుర్తొచ్చాక నవ్వు ఆగింది. చెరువుల్లో ఏడాది పని ఉంది. చేపలు పట్టుబడికి రావడానికి మూడు నెలలు. ఆ లెక్కలన్నీ రాసి థీసిస్ ఇవ్వడానికి ఇంకో నాలుగు. ఉత్తరం లేకపోతే చేపలు ఇక్కడా, తను అక్కడా.

"సరేనండి. ఏం చెయ్యమంటే అది చేస్తాను" అంది.

మర్నాడు ఆశ్చర్య దశ మొదలైంది. ఆశ్చర్యపోవలసిన వస్తువులు పది అంటూ ఒక ఫారం ఇచ్చారు. రోడ్డు మీద ఆవు. చేత్తో అన్నం. ఒకే స్కూటరు మీద నలుగురు. ఊరగాయ కారం. ఇలా.

"మా ఊళ్ళోనూ చేత్తోనే తింటావండి. ఆవులు కూడా రోడ్డు మీదే ఉంటాయండి" అంది చిసోమో.

"మీ ఊరి సంగతి ఈ ఫారం పరిధిలోకి రాదు" అన్నారు పరాంకుశం గారు.

ఇడ్లీ చూసి ఆశ్చర్యపోతున్నట్టు ఫొటో కావాలన్నారు. ఫొటోగ్రాఫరు వచ్చి "నోరింకొంచెం తెరవండి, కళ్ళు కూడా" అన్నాడు. పద్నాలుగు నెలలుగా రోజూ పొద్దున్నే తింటున్న ఇడ్లీ ముందు చిసోమో కళ్ళు పెద్దవి చేసింది. తీసిన ఫొటోలో ఆశ్చర్యం కన్నా ఆకలే ఎక్కువ కనబడుతోందని మూల్యాంకన సంఘం పదికి ఆరు మార్కులు వేసింది. ఆరంటే పాసే.

అసలు కథ రెండో దశలో మొదలైంది.

ఆందోళన దశకి కనీస కాలం నలభై అయిదు పని దినాలు. డెబ్భై అయిదు శాతం హాజరు తప్పనిసరి. ఈ కాలంలో అభ్యర్థి ఒంటరితనం, నిద్రలేమి, స్వదేశ స్మరణ, ఆతిథ్య దేశంపై అసహనం అనుభవించవలెను. ప్రతి సోమవారం పదకొండు గంటలకి కేంద్రానికి వచ్చి విలాప పట్టికలో నమోదు చేసుకోవలెను. విలాప పట్టిక అంటే ఏడుపు రిజిస్టరు. అందులో గళ్ళు: ఏడుపు ప్రారంభ సమయం, ముగింపు సమయం, కారణం, సాక్షి సంతకం.

"అభ్యర్థి ప్రస్తుత నివాసం ఆందోళనకి అనుకూలంగా లేదు" అని ఒక ఉపసంఘం నివేదిక ఇచ్చింది. నూకరత్నం ఇంటికి వెళ్ళినప్పుడు ఆ ఉపసంఘానికే బయటికి రావాలనిపించలేదట. అందుకని చిసోమోని విశ్వవిద్యాలయం అతిథి గృహంలో మేడమీది గదికి మార్చారు. విదేశీ ఆహారమని బ్రెడ్డూ, జామూ, ఉడకబెట్టిన బంగాళాదుంపలూ పెట్టారు. పుట్టిన దగ్గర్నుంచీ మొక్కజొన్న ముద్దా చేపల పులుసూ తిన్న పిల్ల, జీవితంలో మొదటిసారి మూడు పూటలా ఆ విదేశీ ఆహారమే తింది. తెలుగు మాట్లాడకూడదన్నారు, అది నాలుగో దశ లక్షణం కాబట్టి. చెరువుల దగ్గరికి వెళ్ళకూడదన్నారు, "సదరు ప్రదేశమున అభ్యర్థి నవ్వుచుండగా చూచినట్టు" నివేదిక అందింది కాబట్టి. చెరువులు కాపలాదారు సత్తిబాబు చూసుకుంటాడన్నారు.

మొదటి సోమవారం చిసోమో రిజిస్టరు ముందు కూర్చుంది. పావుగంట గడిచింది. ఏడుపు రాలేదు.

"ఉల్లిపాయ తెప్పించమంటారాండి?" అని భద్రం గారు మెల్లిగా అడిగారు.

"కృత్రిమ సాధనములు నిషిద్ధం" అని లోపలి గదిలోంచి పరాంకుశం గారి గొంతు వినబడింది.

చివరికి "ప్రయత్నించినారు. ఫలితం శూన్యం" అని రాసి, భద్రం గారు సాక్షి సంతకం చేశారు.

ఎనిమిదో రోజున నూకరత్నం కేరేజీ పట్టుకుని వచ్చింది. గోంగూరలో రొయ్యలు. గేటు దగ్గర కేంద్రం వాళ్ళ తనిఖీ దళం పట్టుకుంది. మేడమీది కిటికీలోంచి చిసోమోకి అంతా కనబడుతూనే ఉంది.

"ఇది మాల్ ప్రాక్టీసమ్మా. అభ్యర్థి ఆందోళనలో ఉంది. బయటినుంచి సంతోషకరమైన పదార్థాలు అందించకూడదు" అన్నాడు దళపతి.

"ఆకలేసినోళ్ళకి అన్నం ఎట్టడం కూడా కాపీలందించడవేనేటండి?" అంది నూకరత్నం. "ఆ పిల్ల ఏ పాపం సేసిందని మేడెక్కించి కూకోబెట్టారు? సిక్కిపోయింది. ఇక్కణ్ణుంచే కనబడతంది నాకు."

"చిక్కిపోయిందా? తేదీ చెప్పండి, నమోదు చేసుకుంటాం" అన్నాడు దళపతి, ఉత్సాహంగా.

కేరేజీ స్వాధీనం చేసుకుని, సీలు వేసి, సాక్ష్యంగా భద్రపరిచారు. మర్నాడు తెరిచి చూస్తే ఖాళీగా ఉంది. ఎండలకి ఆవిరైపోయినట్టు పంచనామా రాశారు.

రోజులు గడుస్తున్న కొద్దీ చిసోమోకి నిజంగానే ఏదో అవుతోంది. మాట్లాడడానికి మనిషి లేదు. కిటికీ కింద దారిన పోయే వాళ్ళు చెయ్యి ఊపితే ఊపాలా వద్దా అని ఆలోచించేది. పద్నాలుగు నెలల్లో ఎప్పుడూ రాని అనుమానం వచ్చింది. వీళ్ళంతా ఎవరు? నేనిక్కడ ఏం చేస్తున్నాను? మలావీ నుంచి వచ్చిన ఆమె గట్టులంకలో పరాయిదై పోవడానికి, ప్రత్యేకంగా ఒక కేంద్రం పెట్టి పంతొమ్మిది మంది పని చెయ్యాల్సి వచ్చింది. అయినా ఏడుపు మాత్రం రాలేదు. రిజిస్టరు ముందు రాయిలా కూర్చునేది. "నిర్లిప్తత. విలాపముగా పరిగణించుటకు వీలు పడదు" అని పైనుంచి రాసి పంపేవారు.

ఇరవై తొమ్మిదో రోజుకి మూడు రోజులుగా మబ్బు పట్టి ఉంది. తెల్లవారి అయిదున్నరకి కిటికీ కింద కేకలు.

"అమ్మగారో! సోమమ్మగారో! కరెంటు పోయిందండి! సేపలన్నీ పైకొచ్చేసి నోళ్ళు తెరిసేత్తన్నాయండీ!"

సత్తిబాబు. తలపాగా చేతిలో పట్టుకుని పైకి చూస్తున్నాడు.

చేపల చెరువు గురించి తెలిసిన వాళ్ళెవరికైనా ఆ మాటకి అర్థం తెలుసు. మబ్బుకి నీళ్ళలో ప్రాణవాయువు తగ్గిపోయింది. నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్లు ఆగిపోయాయి. గంట ఆలస్యమైతే తెల్లటి పొట్టలు తేలుతాయి.

చెప్పులేసుకోవడం కూడా మర్చిపోయి చిసోమో పరిగెత్తింది. "ఇంజనుకి డీజిలుందా?" అంది పరుగులోనే.

"ఉందండి. తాడు లాగితే అంటుకోట్లేదండి."

"నువ్వు లాగుతానే ఉండు. కాలవ నీళ్ళు మూడో నంబరులోకి కొట్టాల. నూకరత్నమ్మకి కబురెట్టు. గట్టుమీదోళ్ళని అందర్నీ రమ్మను. కొబ్బరి మట్టలు తెమ్మను!"

నడుము లోతు నీళ్ళలోకి దిగిపోయింది. చేపలు వేలకి వేలు నోళ్ళు నీటిపైకి పెట్టి గుటకలు వేస్తున్నాయి. చేతులతో నీళ్ళు కొట్టడం మొదలుపెట్టింది. నూకరత్నం వచ్చింది, వెనక పదిమంది ఆడవాళ్ళు. చీరలు ఎగదోపి, చెరువులోకి దిగి, మట్టలతో నీళ్ళని చితకబాదారు. "కొట్టండేవండీ! ఆ మూల కొట్టండి! ఆగకండి!" అని చిసోమో అరుస్తూనే ఉంది. నలభై నిమిషాలకి ఇంజను అంటుకుంది. కాలవ నీళ్ళు నురగలతో చెరువులో పడ్డాయి. ఒక్కొక్కటే చేపలు కిందికి దిగిపోయాయి.

పావు వంతు పోయాయి. ముప్పావు వంతు బతికాయి. గట్టుమీద అందరూ బురదతో కూర్చుని టీ తాగుతుంటే, సత్తిబాబు జారి మళ్ళీ చెరువులో పడ్డాడు. చిసోమో నవ్వింది. సరిగ్గా అప్పుడే తనిఖీ దళం ఫొటో తీసింది.

మధ్యాహ్నానికి మెమో వచ్చింది.

"మీరు సదరు దశ 29వ దినమున ఉదయం మూడవ నంబరు చెరువు నందు నడుము లోతు నీటిలో నిలబడి, స్థానిక మాండలికమున కేకలు వేసి, స్థానిక మహిళలతో కలసి శ్రమించి, తదుపరి తేనీరు సేవించి, నవ్వి, ఆందోళన దశలో ఉండగానే అకాల సర్దుబాటుకు పాల్పడినట్లు దృష్టికి వచ్చినది. మీపై చర్య ఏల తీసుకొనరాదో తెలుపవలెను."

మర్నాడు పొద్దున్న విచారణ. సంఘంలో అయిదుగురు. మధ్యలో పరాంకుశం గారు.

"మీరు నవ్విన మాట వాస్తవమేనా?"

"నవ్వానండి. చేపలు బతికాయండి."

"చేపల విషయం వేరే విభాగం చూసుకుంటుంది. ఆందోళనలో ఉన్నవారు నవ్వవచ్చునా?"

అయిదుగురూ గుసగుసలాడుకున్నారు. పరాంకుశం గారు కళ్ళజోడు సర్దుకుని తీర్పు చదివారు. ఇప్పటివరకు గడిపిన ఇరవై తొమ్మిది దినముల ఆందోళన రద్దు. మరల ఒకటవ దినము నుంచి ప్రారంభించవలెను.

అంటే వీసా అయిపోతుంది. చేపలు ఎవరో పట్టుకుంటారు. ఏడాది పని కాలవలో పోతుంది.

చిసోమో లేచింది. మొదట చిచేవాలో అరిచింది. అది వాళ్ళ భాష. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు గాని, అందరూ కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు. తరవాత నూకరత్నం దగ్గర నేర్చుకున్న తెలుగులోకి దిగింది.

"మీకు మడుసులంటే ఏటనుకుంటన్నారండి? నేను బాగుంటే మీకొచ్చిన కట్టవేటి? వచ్చిన్నాడు ఒక్కరన్నా తిన్నావా అనడిగారా? ఇయ్యాల నేను నవ్వితే లెక్క, ఏడిస్తే లెక్క! ఇదేం సదువండి, ఇదేం దేశవండి! నాకీ ఆఫీసులొద్దు, మీరొద్దు. మా ఊరెల్లిపోతాను. ఇప్పుడే ఎల్లిపోతాను!"

చెప్పి, కుర్చీలో కూలబడి, వెక్కి వెక్కి ఏడ్చింది.

తరవాత పరాంకుశం గారు లేచి నిలబడ్డారు. ఆయన మొహం వెలిగిపోతోంది.

"భద్రం గారూ, రాసుకోండి! ఆతిథ్య సంస్థపై అసహనం. స్వదేశ గమనాభిలాష. సహజ విలాపం, ప్రారంభం పదకొండూ ఇరవై రెండు! మూడు లక్షణాలూ ఏకకాలంలో! నా సర్వీసులో ఇంత పరిపూర్ణమైన ఆందోళన చూడలేదు!"

సభ్యులు చప్పట్లు కొట్టారు. ఒకాయన కరచాలనానికి చెయ్యి చాచాడు. ఏడుస్తున్న చిసోమో ఆ చేతిని చూసి, ఏం చెయ్యాలో తెలీక, ఏడుపు ఆపింది.

"ముగింపు, పదకొండూ ముప్పై ఒకటి" అన్నారు పరాంకుశం గారు.

రద్దు రద్దయింది, మిగిలిన రోజులు మాఫీ అయ్యాయి, రెండో దశలో ఆమెకి ప్రథమ శ్రేణి వచ్చింది. ఆ మరుసటి వారమే ర్యాంకుల బృందం రాబోతోంది గనుక, కోలుకొను దశని శని, ఆదివారాల్లో పూర్తి చేయించారు. బృందం సమక్షంలో వీసీ గారు శాలువా కప్పి ధ్రువపత్రం ఇచ్చారు. ఈ ఘనత యావత్తూ కేంద్రానిదేనని చెప్పారు. బృందం నాయకుడు చిసోమోని తెలుగులో నాలుగు మాటలు మాట్లాడమన్నాడు. ఆమె "ఆయ్, అంతా బాగానే ఉందండి" అంది. హాలు మార్మోగిపోయింది.

సాయంత్రం ఆ కాగితం పట్టుకుని వీసా ఉత్తరాల సెక్షనుకి వెళ్ళింది. సూపరింటెండెంటు గారు పత్రం రెండుసార్లు చదివారు.

"ఇందులో ఏం రాశారో చూశారా? 'ఈమె స్థానిక సంస్కృతిలో సంపూర్ణముగా కలసిపోయినందున ఇకమీదట ఈమెను విదేశీయురాలిగా పరిగణించరాదు.' ఈ ఉత్తరం విదేశీయులకి మాత్రమే ఇస్తామమ్మా."

"నేను విదేశీయురాలినేనండి! పాస్‌పోర్టు చూడండి."

"పాస్‌పోర్టు మీ దేశం ఇచ్చింది. ఇది మా విశ్వవిద్యాలయం ఇచ్చింది. నేను దేన్ని నమ్మాలి? పోనీ, స్థానికురాలిగా చూద్దామంటే రేషను కార్డు ఉందా?"

చిసోమో ఆ రాత్రి నూకరత్నం ఇంటికి తిరిగొచ్చింది గాని భోంచెయ్యలేదు. మర్నాడు పొద్దున్నే భద్రం గారు నూకరత్నం ఇంటికి వచ్చారు. ఆయన మొహంలో మొదటిసారి చిన్న నవ్వు కనబడింది.

"అమ్మా, మీకో సంగతి చెప్పాలండి. నిన్న బృందం వాళ్ళు వెళ్తూ ఒక కాగితం అడిగారండి. కేంద్రంలో ప్రస్తుతం ఎంతమంది విదేశీ విద్యార్థులున్నారని. రాత్రంతా వెతికారండి. సున్నా అని తేలిందండి. విద్యార్థి లేకపోతే కేంద్రం లేదు. కేంద్రం లేకపోతే పంతొమ్మిది పోస్టులూ లేవు. ఇంకో గంటలో మీ దగ్గరికే వస్తారండి. మీరు తొందరపడకండి."

గంట కాలేదు, అరగంటలోనే కారు గట్టు దిగింది. వీసీ గారు, పరాంకుశం గారు. నూకరత్నం రెండు ప్లాస్టిక్ కుర్చీలు తుడిచి మెత్తళ్ళ పక్కనే వేసింది. పరాంకుశం గారు ముక్కు దగ్గర రుమాలు పెట్టుకుని, మళ్ళీ బావుండదని తీసేశారు.

"చిసోమో గారూ, జాతీయ స్థాయిలో ఒక సంస్థ భవిష్యత్తుకి సంబంధించిన విషయం" అని మొదలుపెట్టారు. "తమరు దయచేసి కొంచెం వెనక్కి వెళ్ళగలరా?"

"ఎంత వెనక్కండి?"

"రెండో దశ దాకా."

"అబ్బే, అంతా!" అంది చిసోమో, సంతలో చేప మొప్ప ఎత్తి చూసి పెదవి విరిచినట్టు. "రెండంటే కట్టవండి. మూడు చేద్దాం."

"మూడు అంటే కోలుకుంటున్నట్టు అవుతుంది. బృందం వారు..."

"పోనీ మానెయ్యండి. నేను స్థానికురాలినే. రేషను కార్డుకి రాసుకుంటాను." కాకుల్ని తోలడానికి కర్ర అందుకుంది.

వీసీ గారు పరాంకుశం గారిని మోచేత్తో పొడిచారు. "రెండున్నర?" అని తనే అన్నారు.

రెండున్నర దగ్గర తెగింది. చిసోమో ఒక్కొక్కటీ చెప్పింది, భద్రం గారు రాశారు. వీసా ఉత్తరం ఇవాళే. చెరువుల దగ్గరికి ఎప్పుడంటే అప్పుడు. నివాసం నూకరత్నం ఇల్లు. భాష తన ఇష్టం. కేంద్రం వైపు నుంచి ఒక్కటే: సోమవారం సోమవారం వచ్చి విలాప పట్టికలో సంతకం పెట్టాలి. ఏడవనక్కర్లేదు. ధ్రువపత్రంలో "సంపూర్ణముగా" కొట్టేసి "పాక్షికముగా" అనీ, "పరిగణించరాదు" కొట్టేసి "పరిగణించవచ్చును" అనీ రాశారు.

"సీలెయ్యడం మర్సిపోయారండి" అంది నూకరత్నం, వీసీ గారికి టీ అందిస్తూ.

కారులోంచి సీలు తెప్పించి వేశారు.

ఆ తరవాత పనులు చకచకా జరిగాయి. చేపలు పట్టుబడికొచ్చాయి. కొలతలు, బరువులు రాసుకుంది. సోమవారాలు వెళ్ళి సంతకం పెట్టి వచ్చేది. అధ్యాయాలు ఒక్కొక్కటే పూర్తవుతున్నాయి.

ఒక బుధవారం పొద్దున్న, ఏదో కాగితం మీద సంతకం కోసం కేంద్రానికి వచ్చింది. వరండాలో ఉండగా తమ్ముడి ఫోను. వాళ్ళ అగోగో పోయింది. అగోగో అంటే మామ్మ. తెల్లవారుజామున నిద్రలోనే.

చిసోమో వరండా బెంచీ మీద కూర్చుంది. మొదట ఏమీ కాలేదు. ఆ తరవాత చప్పుడు లేకుండా ఏడుపు మొదలైంది.

పరాంకుశం గారు అటుగా వెళ్తూ ఆగారు. గోడమీది క్యాలెండరు చూశారు.

"ఇవాళ బుధవారం కదా?" అన్నారు నొచ్చుకున్నట్టు. "మన ఒప్పందంలో సోమవారమే ఉంది. రిజిస్టరు కూడా బీరువాలో పెట్టేశాం. మధ్యలో నమోదు చేస్తే ఆడిట్ అభ్యంతరాలొస్తాయి. సోమవారం రండి. ఈసారి మంచి మార్కులు పడతాయి." ఓదార్పుగా తల ఊపి వెళ్ళిపోయారు.

భద్రం గారు తన బల్ల దగ్గర్నుంచి అంతా విన్నారు. లేచి, కలం జేబులో పెట్టుకుని, "భోజన విరామం" అన్న బోర్డు తీసుకొచ్చి బల్ల మీద నిలబెట్టారు. టైము పదిన్నర.

"పదండమ్మా, ఇంటికెళ్దాం" అన్నారు.

స్కూటరు మీద కాలవగట్టుకి తీసుకెళ్ళారు. నూకరత్నం చూడగానే అడిగింది. "ఎవరు?"

"మా మామ్మండి."

"పేరేటమ్మా?"

"ఎలీనా."

నూకరత్నం ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యి పట్టుకుంది. కాసేపటికి పక్కింటి ఆవిడ వచ్చి కూర్చుంది. తరవాత ఇంకొకరు. చెరువులో మట్టలతో నీళ్ళు కొట్టిన ఆడవాళ్ళందరూ వచ్చారు. భద్రం గారు అరుగు మీద ఒక పక్కగా కూర్చున్నారు. "మా ఊళ్ళోనూ ఇలాగే వచ్చి కూకుంటారండి" అంది చిసోమో చాలాసేపటికి. ఎలీనా ఎలా ఉండేదో, కాకుల్ని ఏమని తిట్టేదో చెప్పింది. ఆ తిట్లు విని ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూనే నవ్వారు. సాయంత్రం దాకా అలా గడిచింది.

మర్నాడు భద్రం గారికి మెమో వచ్చింది. పదిన్నరకి భోజన విరామమెట్లు సంభవించినదో సంజాయిషీ ఇవ్వవలెను.

భద్రం గారు ఒక్క ముక్క రాశారు: "దగ్గర బంధువుల ఇంట మరణం."

ఫైలు తిరిగొచ్చింది: "పోయినవారితో బంధుత్వమేమి? మరణించిన స్థలమెయ్యది?"

భద్రం గారు రాశారు: "మామ్మ. మలావీ."

ఆ ఫైలు పైకి వెళ్ళి పది రోజులు కిందికి రాలేదు. వచ్చేటప్పటికి పరాంకుశం గారి పచ్చ ఇంకు దాని నిండా ఉంది. శ్రీ భద్రం గారికి విదేశమున సమీప బంధువులున్నట్లు ఆయన స్వదస్తూరీతోనే తేలినందున, ఆయనను తక్షణమే కేంద్రం పరిధిలోకి తీసుకొనవలెను. కింద వీసీ గారి ఆమోదం. దానికి జతగా పది వస్తువుల ఆశ్చర్య ఫారం.

ఆ ఏడు వార్షిక నివేదికలో, విశ్వవిద్యాలయంలో విదేశీయుల సంఖ్య నూటికి నూరు శాతం పెరిగిందని రాశారు.

థీసిస్ అట్టలు కట్టించుకుని వస్తూ చిసోమో ఆ నివేదిక భద్రం గారికి చూపించింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఆ వాక్యం చదివి, ఫారం బయటికి తీసి, మొదటి గడి మీద కలం ఆనించారు.

"ఏవండీ, మీరు చదువుకున్నోళ్ళు కదా, చెప్పండి" అన్నారు. "రోడ్డు మీద ఆవుని నేను ఎలా చూడాలంటారు?"